పదో పెనం

అద్దాలక్క కొత్త నాన్‌స్టిక్ పెనాన్ని వెండిపళ్ళెంలా తోమిపెట్టిన రోజున అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే. కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను. లేకపోతే ఇదంతా విన్నాక నన్ను కూడా ఆవిడ పక్కన నిలబడ్డ మొనగాడి కింద ఎవరైనా జమకట్టేస్తారు. నేను మొనగాణ్ణి కాను. వంటవాణ్ణి.

మాది రైలు డ్రైవర్ల విశ్రాంతి గృహం. స్టేషను చివర, పట్టాలు ఒకదాన్నొకటి దాటుకునే చోట ఉన్న రెండంతస్తుల పాత మేడ. పైన పద్దెనిమిది మంచాలు, కిటికీలకు మందపాటి తెరలు, వరండాలో ‘నిశ్శబ్దం’ అని ఒక బోర్డు. కింద వంటగది, భోజనాల గది. ఎక్కడెక్కడి నుంచో బండి నడుపుకుంటూ వచ్చినవాళ్ళు ఇక్కడ దిగి, తిని, పడుకుని, లేచి, మళ్ళీ తిని ఇంకో బండెక్కి పోతారు. వాళ్ళకు ఏది పొద్దున్నో ఏది సాయంత్రమో పట్టదు. ఏ వేళ దిగినా అడిగేది ఒకటే, ఆమ్లెట్టూ బ్రెడ్డూ. నా చేతిలో ఎన్ని గుడ్లు పగిలాయో తెలిస్తే కోళ్ళన్నీ కలిసి నామీద కేసు పెడతాయి.

నేను మాడ్చిన గిన్నెలన్నీ తోమేది అద్దాలక్క. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. తోమిన ప్రతి గిన్నెనీ మొహం ముందుకు ఎత్తి పట్టుకుని, అందులో చూసుకుని, చెంప మీద పడ్డ జుట్టు సర్దుకుని, అప్పుడు గట్టు మీద బోర్లించేది. మొహం కనపడకపోతే ఆ గిన్నెకు మళ్ళీ స్నానమే. అలా వచ్చింది ఆ పేరు. ఈ పిచ్చి ఆవిడకు అంటించింది అత్తగారు. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే కోడలు తోమిన గిన్నె ఒకటి ఎత్తి, “ఇందులో నీ మొహం ఏదీ?” అని అడిగిందట.

భర్త ఇక్కడే పై అంతస్తులో పక్కలు వేసే పని చేస్తూ ఉన్నట్టుండి పోయాడు. ఆయన పోయాక ఈవిడకు వంటగదిలో పని ఇచ్చారు. మేడ వెనకున్న రెండు గదుల క్వార్టరు ఆ ఉద్యోగంతో పాటే ఆవిడకు మిగిలింది. పిల్లల్లేరు. అత్తాకోడళ్ళిద్దరే. పొద్దున లేచింది మొదలు ఒకరినొకరు దెప్పుకుంటూ, ఒకరు తినందే ఇంకొకరు ముద్ద ముట్టకుండా బతికేవాళ్ళు.

అత్తగారికి చూపు ముందు మసకబారి, తర్వాత పూర్తిగా పోయింది. పెత్తనం మాత్రం పోలేదు. కడిగిన గిన్నె చేతికిస్తే బొటనవేలితో అంచూ అడుగూ తడిమి, ఏ మూల జిడ్డుందో చెప్పేసేది. ఆ రెండు గదుల్లో ప్రతిదీ ఆవిడకు అడుగుల లెక్కే. మంచం నుంచి గుమ్మానికి ఏడు, గుమ్మం నుంచి కుళాయికి పన్నెండు. గోడకు పెచ్చు ఊడిన చోటు చేతికి తగిలితే పొయ్యి వచ్చినట్టు. కర్ర లేకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మహారాణిలా తిరిగేది. ఉద్యోగం పోతే ఆ రెండు గదులూ పోతాయి. ఆ గదులు పోతే ఆ ముసలావిడకు రెండోసారి చూపు పోయినట్టే. ఇది మా అందరికీ తెలుసు. అందరికంటే బాగా మా సూపర్వైజరుకు తెలుసు.

పెనాలు వచ్చింది తొమ్మిదేళ్ళ కిందట. అంతకుముందు మా దగ్గర బండ ఇనప పెనాలుండేవి. అవి నూనె తాగుతున్నాయనీ, కాలం మారిందనీ చెప్పి సూపర్వైజరు వాటిని పాత సామానుకు పంపించి, నల్లగా నిగనిగలాడే పది నాన్‌స్టిక్ పెనాలు తెప్పించాడు. వంటవాళ్ళనందర్నీ వరసగా నిలబెట్టి పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. చెక్క అట్లకాడే వాడాలి, ఖాళీ పెనం మంట మీద వదలకూడదు, స్టీలు పీచు తగలకూడదు. అన్నీ చెప్పాడు, వంటవాళ్ళకు. గిన్నెలు తోమే మనిషిని పిలిచి చెప్పాలని ఆయనకు తట్టలేదు. మాకూ తట్టలేదు.

మొదటి పెనంలో నేనే నాలుగు ఆమ్లెట్లు వేసి సింకులో పడేశాను. అద్దాలక్క చూసింది. పెనమంతా కారునలుపు. కొత్త పెనాన్ని మొదటి రోజే ఇంతలా మాడ్చిపెట్టానని నన్ను నాలుగు తిట్టుకుని, ఇసకా స్టీలు పీచూ తీసుకుని కూర్చుంది. గంటసేపు తోమింది. చివరికి ఆ పెనం పట్టుకుని, చెమట తుడుచుకుంటూ, గెలిచిన మొహంతో వంటగదిలోకి వచ్చింది.

“ఏం మాడ్చావయ్యా తమ్ముడూ, నా చేతులు పడిపోయాయి. చూడు, ఇప్పుడు నీ మొహం కూడా కనిపిస్తుంది” అంది.

నిజంగానే కనిపించింది. నేను నవ్వడం మొదలుపెట్టాను. మిగతావాళ్ళూ అందుకున్నారు. ఎందుకు నవ్వుతున్నామో ఆవిడకు తెలియలేదు. ఆ నలుపు మాడు కాదు, పెనం పూత అని తెలిశాక మొహం మాడిపోయింది. సూపర్వైజరు మాత్రం నవ్వలేదు. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, తాను ఒక్కో మాటా చెబుతుంటే ఆవిడ చేత క్షమాపణ పత్రం రాయించాడు. ‘నా తెలివితక్కువతనం వల్ల’ అనే మాట రెండుసార్లు రాయించాడు. దాన్ని ఫైల్లో పెట్టాడు. అంతటితో ఆగినా పోయేది. ఆ పెనాన్ని సింకు పైన గోడకు మేకు కొట్టి వేలాడదీయించాడు, చూసినప్పుడల్లా బుద్ధి రావాలని.

ఆ సాయంత్రం వెనక కుళాయి దగ్గర ఆవిడ ఏడుస్తుంటే విన్నాను. విని, వినపడనట్టు లోపలికి వచ్చేశాను. మర్నాడు వచ్చేసరికి అద్దాలక్క ఆ పెనం ముందు నిలబడి జుట్టు ముడేసుకుంటోంది. నేను చూస్తున్నానని తెలిసి, ఊరికే వచ్చిన అద్దాన్ని ఎందుకు వదులుకోవాలని అడిగింది. అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది ఈవిడతో పెట్టుకోకూడదని.

పది వచ్చాయి, తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదింటికీ అద్దాలక్క కాపలా మనిషి అయిపోయింది. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి స్పాంజి, పొడిగుడ్డ. ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో పాత దుప్పటి ముక్కలు. స్టీలు అట్లకాడలన్నీ తీసుకెళ్ళి అటక మీద దాచేసింది. రెండో షిఫ్టు వంటవాడు వాటిని వెతికి తీస్తే వాడితో వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే నయం, మాట్లాడినప్పుడు వాడి చెవులు చిల్లులు పడ్డాయి. నేను మంచివాణ్ణని చెప్పుకోను. బండి దిగినవాళ్ళు ఒకేసారి ఇరవై మంది పడితే నేనూ చేతికి దొరికిన గరిటెతో గీకినవాణ్ణే. ఖాళీ పెనాన్ని మంట మీద మర్చిపోయినవాణ్ణే.

ఆవిడ ఎంత కాపాడినా ఏళ్ళు ఊరుకోవు కదా. ముందు గీతలు పడ్డాయి. తర్వాత అడుగున పూత పొక్కులుగా లేచింది. ఆ తర్వాత పెచ్చులు. నల్లటి నలుసులు గుడ్డులోకి దిగడం మొదలుపెట్టాయి. ఆమ్లెట్ అంచున మాడిన చోట కనపడవు గానీ మధ్యలో పచ్చటి చోట దాగవు.

అద్దాలక్క మూడుసార్లు సూపర్వైజరు దగ్గరికి వెళ్ళింది. మూడుసార్లూ ఆయన సామాన్ల పట్టీ తీసి చూపించాడు. అందులో రెండే గడులు, ‘బాగుంది’, ‘పనికిరాదు’. చిల్లు పడలేదు, పిడి ఊడలేదు, కాబట్టి బాగుంది. పూత పోతే ఏం రాయాలో పట్టీలో లేదు. పట్టీలో లేనిది ఆయన కంటికి ఆనదు. నాలుగోసారి ఆవిడ వెళ్ళబోయేలోగా ఆయనే వంటగదిలోకి వచ్చి, నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు.

“ఆమ్లెట్ మీద మిరియాల పొడి కాస్త ధారాళంగా చల్లు. తేడా తెలీదు.”

నేను చల్లాను. ఎందుకంటారా? పెద్దవాళ్ళు భుజం మీద చెయ్యి వేస్తే నాకు వెన్ను వంగుతుంది. అంతే. డ్రైవర్లు నా ఆమ్లెట్ ఘాటుగా బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు విన్నప్పుడల్లా నామీద నాకే రోత పుట్టేది. అయినా మర్నాడు మళ్ళీ చల్లేవాణ్ణి.

మా దగ్గరికి వచ్చే డ్రైవర్లలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. కడుపులో పుండు వల్ల డాక్టరు కారం, మిరియాలు మానిపించాడు. కూర్చుంటూనే రెండు గుడ్లని రెండు వేళ్ళు చూపించి, “తమ్ముడూ, మిరియాలు వద్దు” అనేవాడు. ఆ రోజూ అన్నాడు. మిరియాల డబ్బా అప్పటికి రెండు రోజులుగా ఖాళీ. చల్లడానికే లేదు. గుడ్డు కొట్టి వేసి, చూడకుండా పళ్ళెంలో పెట్టేశాను.

ఆయన పళ్ళెం పట్టుకుని వంటగదిలోంచి వడ్డించే కిటికీ దగ్గరికి వచ్చాడు. కోపంగా రాలేదు. మిరియాలు వద్దన్నానే, అన్నాడు మెల్లగా. చూస్తే ఆమ్లెట్ నిండా నల్లటి చుక్కలు. పొరపాటున పడ్డాయండీ అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోంచి ఆ మాట. దానికి ఆ పెద్దాయన, “పోన్లే, పనిలో ఉన్నప్పుడు విసిగించాను, ఏమనుకోకు” అని నాకే క్షమాపణ చెప్పి, వెనక్కి వెళ్ళి కూర్చుని, ముల్లుచెంచా మొనతో ఒక్కో నలుసూ ఏరి పళ్ళెం అంచున పెట్టుకుని తిన్నాడు.

ఆ పళ్ళెం సింకులోకి వచ్చింది. అంచున పదకొండు నలుసులు వరసగా ఉన్నాయి. అద్దాలక్క లెక్కపెట్టింది. కుళాయి కట్టేసి, నన్ను పిలిచి, పళ్ళెం చూపించి ఇవేంటని అడిగింది. మిరియాలక్కా, అన్నాను. ఆవిడ పై అర వైపు చెయ్యి చూపించింది. మొన్న తాను కడిగి ఆరబెట్టిన మిరియాల డబ్బా అక్కడే బోర్లించి ఉంది.

“ఆ ముసలాయన నీకు సారీ చెప్పి వెళ్ళాడు తమ్ముడూ” అంది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

ఆ పెనం పట్టుకుని ఆవిడ వెనక క్వార్టరుకు వెళ్ళింది. మధ్యాహ్నం బండ్లు వచ్చే వేళవుతోంది, పెనం ఇచ్చెయ్యమని బతిమాలుతూ నేనూ వెంటపడ్డాను. అందుకే గుమ్మంలో నిలబడి ఆ మాటలు విన్నాను. ముసలావిడ మంచం మీద కూర్చుని పెనాన్ని ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలు ఒక చుట్టు తిప్పింది. ఆగింది. మళ్ళీ తిప్పింది.

“ఎవరిదే ఈ గిన్నె? చర్మం ఊడుతోంది దీనికి.”

“మాదే అత్తయ్యా. డ్రైవర్లకి వండేది ఇందులోనే.”

“వాళ్ళకి తెలుసా?”

కోడలు తల తిప్పి గుమ్మంలో ఉన్న నా వైపు చూసింది. నాకు అక్కడి నుంచి జారుకోవాలనిపించింది. జారుకున్నాను.

ఆ సాయంత్రమే అద్దాలక్క ఒక చేత్తో పెనం, ఇంకో చేత్తో కడగకుండా దాచిన పళ్ళెం పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. ఆ వేళకు భోజనాల గదిలో బల్లలు తుడవాల్సిన పని నాకేమీ లేకపోయినా తుడుస్తూ విన్నాను. సూపర్వైజరు నవ్వుతూనే మాట్లాడాడు. అవి కడుపులోకి పోయినా ఏమీ కాదట, ఎలా వచ్చినవి అలాగే పోతాయట, ఎక్కడో చదివాడట.

“అవుతుందో కాదో నాకు తెలీదండీ” అంది అద్దాలక్క. “ఏమీ కాకపోతే భోజనాల గదిలో బోర్డు పెట్టి రాయండి. ఆమ్లెట్లో పెనం పూత కూడా ఉంటుంది, ఇష్టమైనవాళ్ళు తినండి అని రాయండి. రాస్తే నేను కిక్కురుమనకుండా తోముకుంటాను.”

ఆయన నవ్వు ఆగిపోయింది. బీరువా తెరిచిన చప్పుడైంది. పాత ఫైలు తీశాడు. తొమ్మిదేళ్ళ నాటి క్షమాపణ పత్రం బల్ల మీద పరిచి, పూత గీకే అలవాటు ఎవరిదో ఇందులో ఆవిడ చేతిరాతే చెబుతోందన్నాడు. పెనాలు పాడయ్యాయని తాను పైకి రాస్తే, ఎవరు పాడుచేశారో కూడా రాయాల్సి వస్తుందన్నాడు. ఉద్యోగం పోతే క్వార్టరు ఉండదనీ, ఇంట్లో చూపులేని పెద్దావిడ ఉన్నారు కదా అనీ ఎంతో దయగా గుర్తుచేశాడు. ఆ దయకు నాకే ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళు పసిపిల్లల్లా ఆ పెనాలను సాకిన మనిషి మీదే నింద వేస్తున్నాడు. బల్ల గుడ్డ పిండుతూ అక్కడే ఉండిపోయాను. లోపలికి వెళ్ళి ఒక్క మాట అనలేదు.

అద్దాలక్క బయటికి వచ్చింది. నా చేతిలోని బల్ల గుడ్డ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దుటి రద్దీ తగ్గాక వంటగదిలో పెనాలు కనిపించలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే కుళాయి గట్టు మీద తొమ్మిదీ వరసగా ఉన్నాయి. పక్కన ఇసక, కొత్త స్టీలు పీచులు. ఆవిడ జాకెట్టు చేతులు పైకి మడిచి, నీళ్ళు ధారగా వదిలి, మొదటిదాని మీద పడింది. నల్లటి నీళ్ళు కాలవలోకి పోతున్నాయి.

ఏం చేస్తున్నావక్కా అని అరిచినంత పని చేశాను. తోముతున్నాను, నా పని అదేగా, అంది తల ఎత్తకుండా. గదులు పోతాయన్నాను. పెద్దమ్మ సంగతి ఆలోచించమన్నాను. నిన్న బల్లలు తుడుస్తూ విన్నవన్నీ ఆవిడకే తిరిగి అప్పజెప్పాను.

ఆవిడ చెయ్యి ఆపింది.

“ఆ పెద్దమ్మే అడిగింది, వాళ్ళకి తెలుసా అని. నువ్వెళ్ళి చెప్తావా? ఇప్పుడు లోపల ఆరుగురు తింటున్నారు. చెప్తే ఇవి ఇక్కడితో వదిలేస్తా.”

నేను నేల చూశాను.

“అయితే కాస్త పక్కకి జరుగు. వెలుతురుకి అడ్డమొస్తున్నావు.”

నేను జరిగాను. ఆవిడ మధ్యాహ్నం దాకా తోమింది. మూలల్లో పట్టుకున్న పూతను పుల్లతో లాగి మరీ తోమింది. వేళ్ళ కణుపులు చిట్లాయి. చివరి పెనంలో మొహం చూసుకుని, జుట్టు సర్దుకుని లేచింది. తర్వాత సుత్తి తెచ్చి సింకు పైన పాత పెనం పక్కన తొమ్మిది మేకులు కొట్టింది. పది పెనాలు గోడ మీద తళతళలాడాయి. వంటగదిలో ఎవరు ఎటు కదిలినా పది మొహాలు కదిలేవి.

సూపర్వైజరు వచ్చి పదింటినీ ఒక్కొక్కటిగా చూశాడు. పెనాలు ఇప్పుడు ఏ గడిలోకి వస్తాయో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ఆయన ఆవిణ్ణి ఆఫీసు గదిలోకి పిలిచాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కాగితం, కలం ముందు పెట్టి, పాతదానిలాగే తెలియక చేశానని రాసివ్వమన్నాడు. రాస్తే కొత్త పెనాలు తెప్పిస్తాడట, ఉద్యోగం జోలికి రాడట. విన్న నాకే గుండె తేలికపడింది. ఒక్క మాట రాస్తే అన్నీ సర్దుకుంటాయి కదా.

ఆవిడ తీరిగ్గా, ఒక్కో అక్షరం నొక్కి రాసింది. సాక్షి సంతకానికి నన్ను పిలిచాడు. కాగితం నా చేతికి వచ్చింది. ‘మొదటి పెనం తెలియక తోమాను. అందుకు క్షమాపణ రాసిచ్చాను. ఈ తొమ్మిది తెలిసి తోమాను. వీటికి క్షమాపణ లేదు.’ కింద సంతకం, ఆ హాజరు పట్టీ పేరుతో.

నా చేతిలో కలం ఉంది. నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. ముందు రోజు పెద్దాయన చెప్పిన క్షమాపణ ఇంకా చెవిలోనే ఉంది, అంతే. సంతకం చేసి, కిందనే రెండు లైన్లు రాశాను. ‘పూత నలుసులు కనపడకుండా మిరియాల పొడి చల్లమని సూపర్వైజరు గారు చెప్పారు. నేను చల్లాను.’

ఆయన చదివి కాగితం సొరుగులో పడేసి తాళం వేశాడు. పైకి పంపితే ఇద్దరూ రోడ్డు మీదే అన్నాడు. పంపితే తానెక్కడ ఉంటాడో మాత్రం చెప్పలేదు. పది రోజులు ఆలోచించుకుని వేరే కాగితం రాసివ్వమన్నాడు.

ఆ పది రోజులూ ఉడకబెట్టిన గుడ్లే పెట్టాను. పెంకు తీయకుండానే పెడుతున్నారు, కోడి నేరుగా వడ్డిస్తోందా అని డ్రైవర్లు ఎగతాళి చేశారు. నా ధైర్యం మూడో రోజుకే చల్లారిపోయింది. ఇంటి దగ్గర ఇంకో పని వెతుక్కోమని పోరు. నాలుగో రోజు అద్దాలక్క లేనప్పుడు చూసి ముసలావిడ దగ్గరికి వెళ్ళాను. కోడలికి నచ్చజెప్పమని, ఆ క్షమాపణ ఏదో రాసిపడేస్తే గదులు దక్కుతాయని నోరు నొప్పిపుట్టేదాకా చెప్పాను. ఆవిడ అంతా విని, మంచం దిగి, ఏడడుగులు వేసి గుమ్మంలోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“ఇక్కడ ఏడడుగులైతే ఇంకోచోట తొమ్మిదవుతాయి. మళ్ళీ లెక్కపెట్టుకుంటాను, నాకేం పనుంది? ఈ ముసలిదాన్ని అడ్డం పెట్టుకుని నా కోడల్ని భయపెట్టకు నాయనా.”

కోడల్ని ఆవిడ మెచ్చుకోవడం నేను అంతకుముందు వినలేదు. అది మెప్పేనా అంటే, ఆ ఇంట్లో అంతకంటే పెద్ద మెప్పు ఉండదు.

పదకొండో రోజున పై అధికారి తనిఖీకి వచ్చింది. వయసులో చిన్నదే, కళ్ళు మాత్రం చురుకు. పై అంతస్తు చూసి, పక్కలు చూసి, భోజనాల గదిలో డ్రైవర్ల మధ్యే కూర్చుని ఆమ్లెట్ అడిగింది. ఆ బల్లకు అవతల మా పెద్దాయన ఉడకబెట్టిన గుడ్డు ఒలుచుకుంటున్నాడు. పెనాలు లేవండీ అన్నాను. ఎందుకు లేవని ఆమె లేచి వంటగది గుమ్మంలోకి వచ్చి, గోడ మీది పది పెనాల్లో తన మొహాన్ని తానే చూసుకుని ఆగిపోయింది.

సూపర్వైజరు గబగబా అందుకున్నాడు. గిన్నెలు తోమే ఆవిడ చదువులేని మనిషనీ, మాడు అనుకుని పూతంతా తోమేసిందనీ, పాపం తెలియక చేసిందని తానే మందలించి వదిలేశాననీ చెప్పాడు. చెబుతూ అద్దాలక్క వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. ఊరుకుంటే చాలు, గదులు నీవే అని. ఊరుకో అక్కా, ఈ ఒక్కసారికి ఊరుకో అని నేను కూడా లోపల దణ్ణం పెట్టుకున్నాను.

“తెలియక కాదండీ” అంది అద్దాలక్క.

తడి చేతులు తుడుచుకుని గోడ దగ్గరికి వచ్చింది.

“ఈ చివరిది తెలియక తోమాను. నవ్వారు, ఏడ్చాను, క్షమాపణ రాసిచ్చాను. అది తొమ్మిదేళ్ళ నుంచీ నా నెత్తి మీదే వేలాడుతోంది. మిగతా తొమ్మిదీ తెలిసే తోమాను. ఇందులో మళ్ళీ ఎవరూ వండకూడదని తోమాను. రాసిచ్చాను కూడా, ఆయన సొరుగులో ఉంది. ఎందుకని అడుగుతారేమో. మా తమ్ముణ్ణి అడగండి, మిరియాల సంగతి వాడు చెప్తాడు.”

అందరూ నా వైపు తిరిగారు. అధికారి, సూపర్వైజరు, కిటికీలోంచి డ్రైవర్లు. కాగితం మీద రెండు లైన్లు రాయడం వేరు, తిన్నవాళ్ళ మొహాల్లోకి చూసి చెప్పడం వేరు. చేతిలో గరిటె గట్టు మీద పెట్టాను. చెప్పాను. పూత ఊడటం, మిరియాల పొడి, ఖాళీ డబ్బా, పదకొండు నలుసులు. పెద్దాయన గుడ్డు ఒలవడం ఆపేశాడు.

“అయితే ఆ రోజు నేనే నీకు క్షమాపణ చెప్పాను కదయ్యా తమ్ముడూ” అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

అధికారి సొరుగు తెరిపించి కాగితం చదివింది, సామాన్ల పట్టీ తెప్పించి చూసింది. సూపర్వైజరుకు ఆకాశం ఏమీ విరిగి మీద పడలేదు. రెండు నెలల తర్వాత ఇంకో చోటికి బదిలీ అయ్యాడు, అక్కడా పెనాలుంటాయి. నన్ను నెల రోజులు పనికి రానివ్వలేదు. అది నాకు తక్కువే. మాకు మళ్ళీ బండ ఇనప పెనాలు వచ్చాయి. అద్దాలక్క వాటిని మూడు రోజులు నూనె పట్టించి, కాల్చి, తుడిచి దారికి తెచ్చింది. పెద్దాయన రిటైరయ్యే రోజున ఆఖరిసారి వచ్చి, రెండు వేళ్ళు చూపించి, ఏమీ అనకుండా ఆమ్లెట్ తిన్నాడు. పళ్ళెం అంచు శుభ్రంగా వచ్చింది.

అద్దాలక్కను తీసెయ్యలేదు. గదులూ ఉన్నాయి. అయితే సంస్థ సామాను కావాలని పాడుచేసినందుకు గట్టి హెచ్చరిక ఇస్తూ ముద్ర వేసిన కాగితం ఒకటి ఆవిడ ఫైల్లోకి వెళ్ళింది. మళ్ళీ ఇలా చేస్తే ఉద్యోగం ఉండదని అందులో రాశారు. ఆవిడ ఒక నకలు అడిగి తీసుకుంది. ఎందుకో అనుకున్నాను. వారం తర్వాత ఏదో పనిమీద క్వార్టరుకు వెళితే, ఆ హెచ్చరిక పత్రం చెక్క చట్రంలో, అద్దం బిగించుకుని, ముందుగదిలో భర్త ఫోటో పక్కన వేలాడుతోంది.

ఎవరైనా హెచ్చరికను పటం కట్టించుకుంటారా అని నేను నవ్వాను. ఈసారి ఆవిడ కూడా నవ్వింది. ముసలావిడ మంచం దిగి, నాలుగడుగులు వేసి, గోడ తడుముకుని పటం దగ్గర ఆగింది. అందులో ఏం రాసి ఉందో కోడలి చేత మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివించుకుంది. అంతా విని, బొటనవేలితో అద్దాన్ని ఒక చుట్టు చుట్టింది.

“ఈ మూల ఇంకా మరక ఉంది” అంది కోడలితో. “సరిగ్గా తుడువు. నలుగురూ చూసేది.”